కరువు ఈ నేల స్వభావమా, మనుషులు చేసుకున్నదా? పిల్లలకు ఏమని చెప్పాలి?

ప్రశ్న – కళ్యాణదుర్గం టీచర్

అందరికీ నమస్కారం. నేను కళ్యాణదుర్గం దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతిలో మన ప్రాంతపు వర్షపాతం గురించి మాట్లాడుతుండగా ఒక వాదన లేచింది. అది నాకూ తెగలేదు కనుక, నేలతో దగ్గరి సంబంధం ఉన్నవాళ్లు చెబుతారని ఇక్కడ అడుగుతున్నాను.

పాఠం వరకు విషయం సులువుగానే ఉంది. నైరుతి రుతుపవనాలు మోసుకొచ్చే తేమలో ఎక్కువ భాగం పడమటి కనుమలకు అవతలే కురిసిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం కోల్పోతాయి. అందువల్ల విభజనకు ముందరి అనంతపురం జిల్లాలో ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడుతుంది. దక్షిణ భారతంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. ఇంతవరకు చెప్పగానే ఒక పిల్లవాడు "అయితే కరువు దేవుడిచ్చిందే కదా సార్" అని తేల్చేశాడు. వెంటనే ఒక అమ్మాయి లేచి, వాళ్ల అవ్వ చిన్నతనంలో ఊరి గుట్ట నిండా చెట్లుండేవని, బావుల్లో చేదకు అందేటంత పైన నీళ్లుండేవని, చెట్లు కొట్టేసినందుకే వానలు పోయాయని అవ్వ చెబుతుందని అన్నది. ఇంకొకడు, కొండల మీద గాలిమరలు పెట్టినప్పటి నుంచి మేఘాలు నిలవడం లేదని వాళ్ల నాయన అంటాడన్నాడు.

ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉందనిపించింది గానీ, ఎవరి మాటలో ఎంత ఉందో విడదీసి చెప్పలేకపోయాను. నేల మనలను ఇలా తయారు చేసిందా, మనం నేలను ఇలా తయారు చేశామా అన్నది పిల్లలకు ఉదాహరణలతో చెప్పాలని ఉంది. ఆ ఉదాహరణలు ఎక్కడో అమెజాన్ అడవుల నుంచి కాకుండా మన అనంతపురం, కడప, కర్నూలు ఉమ్మడి జిల్లాల నుంచే కావాలి.

జవాబు – కదిరి సేద్యం

నమస్కారం మాస్టారూ. నేను ఉద్యోగరీత్యా చాలాకాలం మెట్ట పంటలతో గడిపినవాణ్ణి, మాకు కొంచెం చేను కూడా ఉంది. మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయని నాకనిపిస్తోంది. వాన ఎందుకు తక్కువ అన్నది ఒకటి, పడిన వాన ఎందుకు చాలడం లేదన్నది రెండోది. మొదటిదానికి మీ పాఠం చెప్పిందే జవాబు. కనుమలను మనం కట్టలేదు, రుతుపవనాల దారిని మన గుట్టల మీది చెట్లు నిర్ణయించవు. రెండోదానికి మాత్రం జవాబు మన చేలల్లోనే ఉంది.

ఆ అమ్మాయి వాళ్ల అవ్వ చూసింది నిజం. ఆమె చెప్పిన కారణం ఒక్కటే కొంచెం పక్కకు జరిగింది. మన కింద ఉన్నది చాలావరకు గట్టి రాతి నేల. దాని మీద మెత్తబడిన రాయి, దానిపైన పలుచని ఎర్ర గరుసు మట్టి ఉంటాయి. నీరు నిలిచేది ఆ మెత్తబడిన పొరలోనూ, దాని కిందున్న రాతి చీలికల్లోనూ మాత్రమే. గుట్ట మీద చెట్టూ గడ్డీ ఉన్నప్పుడు వాన నీరు నిదానంగా దిగి ఆ పొరను నింపేది. కపిల తోలి (ఎద్దులతో తోలు తొట్టి లాగించి), తరవాత ఇంజను పెట్టి తోడినంత కాలం తీసిన నీరు మళ్లీ వానకు కొంతైనా పూడేది. గుట్ట బోసిపోయి నీరు దిగడం తగ్గింది. సరిగ్గా అదే కాలంలో బోర్లు వచ్చి పై పొర కిందికి, చీలికల దాకా, వందల అడుగుల లోతుకు పోయి తోడేశాయి. వాన అంతే పడినా బావి ఎండిపోవడానికి ఈ రెండూ చాలు. కనుక అవ్వ మాటను కొట్టేయకండి, ‘వానలు పోయాయి’ అన్నచోట ‘వాన నీరు నిలవడం పోయింది’ అని సరిచేసి చెప్పండి.

గాలిమరల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. జూన్ నుంచి ఆగస్టు దాకా మన మీద వీచే పడమటి గాలి కనుమల దగ్గర తేమ వదిలేసి వచ్చిన గాలి. అది ఉధృతంగా వీస్తుంది, తుంపరలు తప్ప వాననివ్వదు. గాలిమరలు పెట్టేవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది ఆ గాలినే. అంటే గాలి బలంగా, పొడిగా ఉన్న చోటికి మరలు వచ్చాయి గానీ, మరలు రావడం వల్ల గాలి అలా మారలేదు. వానిచ్చే మేఘాలు ఆ రెక్కలకు చాలా ఎత్తున ఉంటాయి. అయితే ఆ పిల్లవాడి నాయన బాధలో వేరే నిజం ఒకటుంది. మరలను కొండ మీదికి చేర్చడానికి వాలులను తొలిచి వెడల్పాటి రోడ్లు వేస్తారు. అక్కడి గడ్డి పోతుంది, తవ్విన గరుసు వానకు కొట్టుకొచ్చి కింది వంకల్లో, కుంటల్లో మేట వేస్తుంది. గాలిమర వల్ల నేలకు జరిగే నష్టం ఆకాశంలో లేదు, ఆ రోడ్డు దగ్గర ఉంది.

ఇక మీరడిగిన ఉదాహరణ. మన ప్రాంతంలో నేలా మనిషీ ఒకరినొకరు మార్చుకున్న తీరును చూపించడానికి వేరుశనగ కంటే మంచిది నాకు తెలియదు. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం చెబితే రైతు తెలివితక్కువవాడన్న అర్థం వస్తుంది.

చెనక్కాయ (వేరుశనగ) మనకు కరువును తెచ్చిన పంటగా రాలేదు, కరువును తట్టుకునే పంటగా వచ్చింది. పూత దశలో వాన మొగం చాటేస్తే చాలా పంటలు అక్కడితో సరి. వేరుశనగ మాత్రం వాడి, కొన్నాళ్లు అలాగే పడి ఉండి, మళ్లీ ఒక పదును దొరికితే లేస్తుంది. కాయ సరిగా ఊరకపోయినా కట్టె, అంటే కాయ తీసేసిన ఎండు చెట్టు, మిగులుతుంది, ఆ కట్టె వామి వేసుకుంటే ఎద్దులకు ఎండాకాలం గడుస్తుంది. చేతికి డబ్బు వస్తుంది. తమిళనాడులోని తిండివనంలో రూపొంది 1940లో విడుదలైన టిఎంవి-2 రకాన్ని మన రైతులు అన్ని దశాబ్దాలు వదలకపోవడానికి మొండితనం కారణం కాదు. తక్కువ రోజుల్లో వస్తుంది, ఏ వానకు ఎలా స్పందిస్తుందో వాళ్లకు తెలుసు. అంటే ఈ పంటను ఎన్నుకున్నది ఒక రకంగా ఈ నేలా, ఈ వానే.

తరవాత జరిగింది వేరు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక, ఇంటి తిండి కోసం కొర్ర, సజ్జ, ఆరికె వేయాల్సిన అవసరం తగ్గింది. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చింది, నూనెగింజలకు ధర కనబడింది. అప్పు, విత్తనాల సబ్సిడీ, పంటల బీమా అన్నీ ఈ ఒక్క పంట చుట్టూ అల్లుకున్నాయి. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఖరీఫ్ వేరుశనగ ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పాకింది. ఇన్ని కారణాలు ఒకేవైపు తోస్తుంటే కొర్ర వేసేవాడు కదా వింతగా కనబడేది!

ఇప్పుడు ఆ పంట నేలకేం చేస్తుందో చేనులో నిలబడి చూడాలి. జొన్న కోస్తే మోడు నేలలో మిగులుతుంది, వేరు నేలలో కుళ్లుతుంది. వేరుశనగను కోయరు, పీకుతారు. చెట్టంతా వేరుతో సహా బయటికి వస్తుంది. కాయ ఇంటికి, కట్టె వామికి పోతుంది, నేలకు తిరిగి పోయేది రాలిన ఆకు మాత్రమే. కార్తీకం నాటికి చేను నున్నగా అయిపోతుంది. అప్పటి నుంచి మళ్లీ తొలకరి దాకా, అంటే ఎండాకాలమంతా, దాని మీద కప్పు లేదు. తొలకరి ముందు వచ్చే ఈదురుగాలికి మెత్తని మట్టి లేచిపోతుంది, గరుసు మిగులుతుంది. ఆ నేల మీద పెద్ద చినుకు పడితే పైపొర బిగుసుకుపోతుంది. ఆ తరవాతి వాన లోపలికి దిగకుండా పరిగెడుతుంది. నాలుగైదు దశాబ్దాలు ఇలా జరిగిన చేనులో వాన మధ్య ఎడం రెండు వారాలైతే చాలు, పైరు వాడుతుంది. అదే ఎడాన్ని పశువుల ఎరువు బాగా పడిన పక్క చేను ఓర్చుకుంటుంది. రెండు చేల మీదా పడిన వాన ఒక్కటే. కరువును తట్టుకోవడానికి వచ్చిన పంట, నేలకు కరువును తట్టుకునే శక్తిని తగ్గించిందన్నది ఇందుకే.

2000వ సంవత్సరాన్ని కూడా పిల్లలకు చెప్పండి. ఆ ఖరీఫ్‌లో వేరుశనగకు వైరస్ వల్ల వచ్చే కాండం కుళ్లు తెగులు సోకి, మన జిల్లాలో 2,25,000 హెక్టార్ల దాకా పంట దెబ్బతిన్నది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు. ఆ వైరస్‌కు ఆశ్రయం ఇచ్చింది వయ్యారిభామ. ఈ దేశంలో ఆ కలుపును 1955లో పుణెలో గుర్తించారు. బీడు పడిన చోట, రోడ్డు పక్కన, గట్ల మీద, అంటే మనిషి నేలను కదిలించి వదిలేసిన ప్రతి చోటా అది మొలుస్తుంది. దాని పుప్పొడిలో ఉన్న వైరస్‌ను తామర పురుగులు వేరుశనగ ఆకు మీదికి చేరుస్తాయి. మధ్యలో జొన్నో సజ్జో అడ్డుగా లేకుండా కనుచూపు మేర ఒకే పైరు ఉంటే తెగులుకు ఇక తిరుగేముంది? ఆ తరవాత శాస్త్రవేత్తలు చేను చుట్టూ జొన్న, సజ్జ నాలుగు సాళ్లు వేయమన్నారు. పాతకాలపు చేనులో ఆ సాళ్లు ఎవరూ చెప్పకుండానే ఉండేవి.

జవాబు – నంద్యాల విద్యార్థి

కదిరి సేద్యం గారూ, చాలా విషయాలు తెలిశాయి. ఒక సందేహం. వేరుశనగ నేలను ఇంత బలహీనపరిస్తే దాన్ని పూర్తిగా మానేసి చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి వంటి తోటలకు మారడమే పరిష్కారం కాదా? ఉమ్మడి అనంతపురం జిల్లా ఇప్పుడు పండ్ల తోటలకు పేరు తెచ్చుకుంది కదా.

జవాబు – కదిరి సేద్యం

బాబూ, తోట నేలను కప్పి ఉంచుతుంది, అంతవరకు మంచిదే. కానీ దానికి ఎండాకాలంలోనూ నీరు కావాలి, ఆ నీరు కాలువ అందని చోట బోరు నుంచే రావాలి. 2000 తరవాతి కరువు ఏళ్లలో బోర్లు ఎండిపోయి, కాపు మీదున్న చీనీ చెట్లను రైతులే నరికి కట్టెలకు అమ్ముకున్నారు. ఏళ్ల తరబడి పెంచిన చెట్టది. వేరుశనగ పోతే ఒక ఏడు పోతుంది, చీనీ పోతే ఎన్నో ఏళ్ల పెట్టుబడి పోతుంది. డ్రిప్పు వచ్చాక ఒక్కో చెట్టుకు పోసే నీరు తగ్గిన మాట నిజం. అయితే మిగిలిన నీటితో రైతు ఇంకో రెండు ఎకరాలు పెంచితే బోరు మీద పడే భారం తగ్గదు. నేను వేరుశనగ మానమనడం లేదు. సాళ్ల మధ్య కంది, అలసంద, అనుములు, ఆముదం వేయమంటున్నాను, కోత అయ్యాక చేను బోసిగా వదలవద్దంటున్నాను. ఒకప్పుడు ఎరువు కోసం గొర్రెల మందను చేనులో ఆపించుకోవడానికి రైతులు పోటీపడేవారు. ఆ పద్ధతి తిరిగి వస్తే ఇంకా మేలు.

జవాబు – హగరి గట్టు

నేను కణేకల్లు వైపు వాడిని. మాస్టారూ, మీకు రాయదుర్గం మీదుగా మా వైపు రావడం కష్టం కాదు. పిల్లలను తీసుకొచ్చి హగరి గట్టున ఇసుక దిబ్బలు చూపించండి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఏటి నుంచి లేచిన ఇసుక చేల మీదికి నడిచి వస్తుంది.

హగరి అంటే వేదవతి. కర్ణాటక నుంచి వచ్చి, మన జిల్లా పడమటి అంచున పారి, తుంగభద్రలో కలుస్తుంది. దాని మీద హిరియూరు దగ్గర వాణీవిలాస సాగరం 1907లో పూర్తయింది. దిగువన మన గుమ్మగట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు 1960ల మొదట్లో వచ్చింది. పైన చెక్‌డ్యాములూ చెరువులూ బోర్లూ పెరిగాయి. ఏటా ఏరు పారినప్పుడు ఇసుక తడిసి, ఒండ్రు కలిసి, తుంగా గడ్డీ మొలిచి కాస్త కట్టుబడి ఉండేది. ఏరు పారడం అరుదైపోయాక ఆ వెడల్పాటి గర్భమంతా పొడి ఇసుకే. పైన ఒకరు చెప్పిన ఆ పడమటి గాలి జూన్, జూలై నెలల్లో వచ్చి దాన్ని లేపి తూర్పు గట్టున ఉన్న చేల మీద పోస్తుంది. విత్తనం వేసి మొలక వచ్చిన సాలు తెల్లవారేసరికి కనబడదు. కంచె ఇసుకలో సగం కూరుకుపోతుంది. దిబ్బకు గాలి తగిలే వైపు వాలు మెల్లగా ఉంటుంది, అవతలి వైపు నిట్టనిలువుగా జారుతుంది. ఆ జారే అంచు ఏటికేడు ముందుకు కదులుతుంటుంది.

అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. హగరి ఇసుక గాలికి లేచి చేల మీద పడటం గురించి ఆ జిల్లా పాత గెజిటీర్ కూడా ప్రస్తావిస్తుంది. కనుక దిబ్బలన్నీ డ్యాముల వల్లనే పుట్టాయని అనకూడదు. గాలికీ ఇసుకకూ ఇక్కడ ఎప్పటి నుంచో పొత్తుంది. నీరు ఆగిపోవడంతో ఆ పొత్తుకు అడ్డు లేకుండా పోయింది. ఇంకొక సంగతి, దీన్ని పిల్లలకు తప్పక చెప్పాలి: పైన ఏటికి అడ్డం కట్టినవాళ్లకు పంట పండింది, కింద ఇసుక పడినవాళ్లు వేరే ఊళ్లవాళ్లు. ‘మనిషి ప్రకృతిని పాడుచేశాడు’ అంటే ఆ మనిషి ఎవరో తెలియకుండా పోతుంది.

జవాబు – బద్వేలు నుంచి

హగరి గట్టు గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూ, కడప జిల్లా నుంచి రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది సర్కారు తుమ్మ. ఇప్పుడు మన సీమలో ఏ చెరువు కట్ట ఎక్కి చూసినా లోపల నీటికి బదులు కనబడేది అదే. అది ఈ దేశపు చెట్టు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖవారు జమైకా నుంచి విత్తనం తెప్పించి, 1877లో మా కడప జిల్లా కమలాపురంలో నాటించారు. ఆ సంవత్సరం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. 1876 నుంచి 1878 దాకా సాగిన మహా కరువు అది, మన పెద్దలు ధాత కరువని చెప్పుకునేది. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల్లో జనం తిండి లేక రాలిపోయిన కాలం. వంటచెరకు దొరకాలి, బోసి నేల మీద పచ్చదనం నిలవాలి, నీరు అడగని చెట్టు కావాలి. ఆ ఆలోచనలో తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. ఆ చెట్టు నిజంగానే నీరు అడగకుండా పెరిగింది. దాని కాయ తియ్యగా ఉంటుంది కనుక మేకలూ పశువులూ తింటాయి. గింజ అరగకుండా పేడలో బయటపడి, ఆ తడిలోనే మొలుస్తుంది. పశువులు నీళ్లకు దిగేది చెరువులోకి. పూడిక తీయడం మానేసిన చెరువులో ఒండ్రు దానికి సిద్ధంగా ఉంటుంది. మనుషులు చెరువును పట్టించుకోవడం మానేయడమూ, తుమ్మ చెరువును పట్టుకోవడమూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయాయి. తుమ్మ పెరిగాక పూడిక తీయడం ఇంకా ఖర్చుతో కూడిన పని, కనుక ఇంకా ఎవరూ దిగరు. ఇంకొకవైపు, భూమి లేని కుటుంబాలు ఎన్నో ఆ తుమ్మనే కొట్టి, బొగ్గుల బట్టీలు పెట్టి బతుకుతున్నాయి. రేపు చెరువు శుభ్రం చేయాలంటే వాళ్ల బతుకు కూడా లెక్కలోకి రావాలి.

ఈ సందర్భంలో పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని పిల్లలకు పరిచయం చేయండి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించి 1369లో వేయించిన శాసనం అది. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని అందులో ఉంది. దానికంటే విలువైనది, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ ఆరు దోషాలనూ చెప్పడం. కట్ట చెమర్చడం, చౌడు నేల, చెరువు మధ్యలో మిట్ట ఉండటం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం కూడా దోషమే. నీరు కొంచెమై సాగు భూమి ఎక్కువ కావడం ఒక దోషం, భూమి కొంచెమై నీరు ఎక్కువ కావడం ఇంకొక దోషం. నేల ఇచ్చినంతకు మనిషి కోరికను సరితూచడం గురించి ఇంత పొందికగా రాసుకున్న మాట మన చేతిలో ఉండగా, బయటి ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పని లేదు.

రెండోది కలివి కోడి అనే అరుదైన పక్షి. దీన్ని చెప్పకపోతే మీ పాఠం ‘మనిషి పక్కకు తప్పుకుంటే ప్రకృతి బాగుపడుతుంది’ అన్న తేలిక ముగింపు వైపు జారుతుందని నా భయం. 1848లో జెర్డాన్ అనే పక్షిశాస్త్రవేత్త దీన్ని శాస్త్రలోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనబడిన తరవాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె చుట్టుపక్కల చిట్టడవిలో, స్థానిక వేటగాళ్ల సాయంతో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు దీన్ని తిరిగి కనుగొన్నారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడటానికి ఈ పక్షే కారణం. తెలుగుగంగ కాలువ దారిని మళ్లించడంలోనూ దీని నివాసాన్ని కాపాడాలన్న ఆలోచన ఉంది.

ఈ పక్షి రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పరిగెత్తుతుంది. దానికి పొదలు కావాలి, పొదల మధ్య ఖాళీ నేలా కావాలి. పొదలు మరీ చిక్కబడితే పరిగెత్తలేదు, మరీ పలచబడితే దాక్కోలేదు. పరిశోధకులు దాని అడుగుజాడలను వెతకడానికి పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి చూసేవారు. వాటిలో తేలింది ఏమంటే, పొదలు ఒక మోస్తరుగా ఉన్నచోటనే అది ఎక్కువగా తిరుగుతోంది. ఆ మోస్తరుతనాన్ని నిలిపి ఉంచేది ఎవరు? చుట్టుపక్కల పల్లెల మేకలూ బర్రెలూ, కట్టెలు కొట్టుకునే జనం. వాళ్లు మితిమీరినా చేటే, పూర్తిగా ఆగిపోయినా అడవి మూసుకుపోయి దానికి చోటుండదు. తరతరాలుగా మనిషి మేపుకున్న, కొట్టుకున్న అడవికి ఆ పక్షి అలవాటు పడిపోయిందని నా అభిప్రాయం. దాన్ని కాపాడాలంటే పల్లెవాళ్లను వెళ్లగొట్టి కంచె వేస్తే చాలదు. ఎంత మేపాలో, ఎక్కడ కొట్టుకోవాలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

జవాబు – డోన్ మిద్దె

ఉమ్మడి కర్నూలు జిల్లా నుంచి. అందరూ మనిషి నేలకు చేసినదాన్ని చక్కగా రాశారు. నేల మనిషికి చేసినది తక్కువైనట్టుంది, నేను ఆ వైపు మాట్లాడతాను.

మన మట్టి మిద్దెను చూపించండి. కోస్తాలో వాలు కప్పులు, మనకు చదును మిద్దెలు. వాన తక్కువ కనుక ఇది కుదిరింది. గోడలు మోచేతి పొడవు మందం ఉంటాయి, అందుకే ఏప్రిల్‌లోనూ లోపల చల్లన. పైన దూలాలు, దంతెలు, వాటి మీద సన్న కట్టెలో నాపబండలో పరిచి మట్టి పోస్తారు. అన్నిటికన్నా పైన చౌడుమట్టి. ఏటా తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కి, గంపలతో తెచ్చిన చౌడు చల్లి, కొత్త పొర వేసుకునేవారు. చౌడులో ఉండే సోడియం వల్ల బంకమట్టి రేణువులు తడవగానే విడిపోయి, సందులన్నీ మూసుకుపోతాయి, నీరు దిగదు. ఈ గుణం వల్లనే చౌడు చేనులో పైరు బతకదు. చేనును పాడుచేసే గుణాన్నే ఇంటికి కప్పుగా వాడుకోవడం ఈ నేల మీద బతికినవాళ్లకు మాత్రమే తోచే ఆలోచన. వడియాలు, కొర్రలు ఎండబెట్టడం, ఎండాకాలపు నిద్ర, పెళ్లి విందు, అన్నిటికీ ఆ మిద్దే చోటు. వాన తక్కువ అన్న ఒక్క విషయం మన ఇంటి ఆకారాన్నీ, ఇంట్లో పనులు జరిగే తీరునూ ఇంతగా తీర్చిదిద్దింది. ఒకేసారి ముసురు పట్టి నాలుగు రోజులు కురిస్తే మాత్రం ఆ మిద్దెలే కూలి ప్రాణాలు తీస్తాయి. మన ఇల్లు అలవాటైన వానకు కట్టుకున్న ఇల్లు.

ఇంకా వెనక్కి పోవాలంటే, మాస్టారూ, మీ కళ్యాణదుర్గం దగ్గరే పాలవాయి ఉంది. అక్కడి బూడిద దిబ్బ కొత్త రాతియుగపు పశుల కాపరులది. దొడ్లలో పేడ కుప్పలు పడి, వాటిని మళ్లీ మళ్లీ కాల్చగా అవి గుట్టలయ్యాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందట పశువులను మేపడానికి ఈ పొడి గడ్డి మైదానాలే అనువుగా ఉన్నాయి. ఆ కాపరులు ఉలవలు, పెసలు, చిన్న చిరుధాన్యాలు పండించుకున్నారని కర్నూలు, కడప, అనంతపురం, బళ్లారి జిల్లాల తవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు చెబుతున్నాయి. అంటే అవ్వ చూసిన గుట్ట కూడా మనిషి చేయి పడని అడవి కాదు. అప్పటికే వేల ఏళ్లుగా మేపిన, కాల్చిన, కొట్టిన గుట్టే. పాడుకాని ప్రకృతి అనే ఒక స్థితి ఎప్పుడో ఉండేదని, దానికి తిరిగి పోవాలని పిల్లలకు చెప్పకండి. ఏ కాలంలో ఎవరు ఎంత వాడుకున్నారు, నేల ఎంత ఓర్చుకుంది అని అడగడం నేర్పండి.

ప్రశ్న అడిగినవారు – కళ్యాణదుర్గం టీచర్

అందరికీ కృతజ్ఞతలు. వాన ఎందుకు తక్కువ, పడిన వాన ఎందుకు చాలదు అన్న విభజనతోనే పాఠం మొదలుపెడతాను. పాలవాయి మాకు దగ్గరే కనుక మొదట అక్కడికి తీసుకెళ్తాను, హగరికి ఎండాకాలం సెలవుల ముందు ప్రయత్నిస్తాను. పిల్లలు తమంతట తాము కొలిచి, చూసి తెలుసుకునే పని ఏదైనా చేనులో చేయించవచ్చా? ఖర్చు లేనిదై ఉండాలి.

జవాబు – కదిరి సేద్యం

చేయించవచ్చు. రెండు వైపులా తెరిచి ఉన్న రేకు డబ్బాలు రెండు తీసుకోండి, పాత నూనె డబ్బాకు అడుగు కోసేసినా సరే. వేరుశనగ పీకేసిన చేనులో ఒకటి, చెట్టు కింద ఆకు రాలిన గట్టు మీద ఒకటి రెండంగుళాల లోతుకు దించండి. రెండింట్లో ఒకే చెంబుతో నీళ్లు పోసి, ఏది ఎంతసేపట్లో ఇంకిందో పిల్లలను రాసుకోమనండి. నేల ఆరి ఉన్న రోజు ఒకసారి, వాన పడి రెండు రోజులైన తరవాత ఇంకోసారి చేయించండి. మందను ఆపించుకున్న చేను ఏదైనా ఊళ్లో ఉంటే మూడో డబ్బా అక్కడ పెట్టించండి. డబ్బా దించేటప్పుడు చుట్టూ మట్టి కదలకుండా చూసుకోవాలి, కదిలితే నీరు పక్క నుంచి జారిపోయి లెక్క తప్పుతుంది. ఒక్కోచోట మూడుసార్లు పోసి, మూడోసారి పట్టిన సమయాన్ని తీసుకోమని చెప్పండి.